వారానికి రెండు రోజులు ఇంటి నుంచి: మేనేజర్‌తో ఎలా మాట్లాడాలి

"వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేసుకోవచ్చా?" అని అడిగితే చాలామంది మేనేజర్లు చెప్పే జవాబు "చూద్దాం". ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. మీ మీద నమ్మకం లేకనే అలా అన్నారని అనుకోవద్దు. రేపు పైవాళ్లు "ఎందుకు ఇచ్చారు?" అంటే ఏం చెప్పాలి? ఎల్లుండి పక్క సీటులో ఉన్నవాళ్లు "మరి మాకు?" అంటే ఏం చెప్పాలి? ఈ రెండు ప్రశ్నలకూ వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉండదు. ఆ జవాబులు మీరే తయారుచేసి చేతికిస్తే, "సరే" అనడం వాళ్లకు తేలికవుతుంది. కింద చెప్పేదంతా ఆ తయారీ గురించే.

మూడు వారాల లెక్క

అడగడానికి ముందు మూడు వారాలపాటు మీ పని మొత్తం రాసిపెట్టుకోండి. మామూలు నోట్‌బుక్ చాలు, రోజూ సాయంత్రం పది నిమిషాలు పడుతుంది. ప్రతి పని పక్కనా ఎంతసేపు పట్టిందో రాసి, మూడింటిలో ఒక గుర్తు పెట్టండి: ఒక్కరే కూర్చుని చేసింది, ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో అయిపోయింది, మనుషులు ఎదురెదురుగా ఉంటేనే అయ్యేది.

ఉదాహరణకు వారానికి 40 గంటల పనిలో 17 గంటలు ఒక్కరే చేసే పని, 13 గంటలు కాల్స్, 10 గంటలు ఎదురుగా ఉండాల్సిన పని అని తేలిందనుకుందాం. ఆ 10 గంటలు ఏయే రోజుల్లో పడ్డాయో చూడండి. సోమ, మంగళ, గురువారాల్లోనే ఎక్కువగా పడితే మీరు అడగాల్సిన రోజులు దొరికినట్టే: బుధ, శుక్రవారాలు. అన్ని రోజుల్లోనూ చెల్లాచెదురుగా ఉంటే వాటిలో ఏవి ఒక రోజుకు జరపగలరో ముందే ఆలోచించుకోవాలి.

ఈ లెక్కలో ఎక్కువమంది పొరపాటు చేసేది ఒక్కచోటే. పెద్ద పనులు రాస్తారు, చిన్న పలకరింపులు వదిలేస్తారు. కొత్తగా చేరిన వాళ్లు మీ టేబుల్ దగ్గరికి వచ్చి పది నిమిషాలు అడిగిన సందేహం, వేరే విభాగం వాళ్లు దారిలో ఆపి తేల్చుకున్న విషయం కూడా పనే. మీరు ఇంటి నుంచి చేస్తే ఇవి పోతాయనే మేనేజర్ భయపడేది, ఆ భయానికి ఆధారం కూడా ఉంది. ఒక పెద్ద సంస్థలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద జరిగిన పరిశోధనలో, టీమ్ మొత్తం ఒకే భవనంలో కూర్చున్నప్పుడు ఒకరి కోడ్ మీద ఇంకొకరు రాసే సలహాలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. జూనియర్లకు ఆ లాభం ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ సందేహాలు వారానికి ఎన్ని వస్తున్నాయో లెక్క రాసి, మీరు లేని రోజుల్లో అవి ఎలా తీరతాయో చెప్పగలగాలి.

ఏం కావాలో తేల్చుకోవడం

"హైబ్రిడ్ (కొన్ని రోజులు ఇల్లు, కొన్ని రోజులు ఆఫీసు) కావాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏయే రోజులు, ఏ గంటల్లో అందుబాటులో ఉంటారు, ఎక్కడి నుంచి చేస్తారు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏయే సందర్భాల్లో ఇంటి రోజైనా ఆఫీసుకు వస్తారు అనే ఐదూ చెప్పాలి. ఒక్కటి వదిలేసినా దాన్ని మేనేజర్ తన ఊహతో నింపుకుంటారు, ఆ ఊహ మీకు అనుకూలంగా ఉండదు.

సోమ, శుక్రవారాలు రెండూ కలిపి అడగకండి. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా చూసేవాళ్లకు అది నాలుగు రోజుల సెలవులా కనిపిస్తుంది. మీ టీమ్ అంతా కలిసే రోజును ఎట్టిపరిస్థితుల్లోనూ ఆఫీసు రోజుగానే ఉంచుకోండి. అందరూ ఇంట్లో ఉన్న రోజు మీరు ఒక్కరే ఆఫీసుకు వెళ్లి, తలుపేసుకుని వీడియో కాల్స్‌లో కూర్చుంటే ఆ ప్రయాణం దండగ.

మీకు నిజంగా కావలసింది చోటు మార్పా, వేళ మార్పా అనేది కూడా ఆలోచించండి. పిల్లల్ని బడిలో దింపి రావడమే మీ ఇబ్బంది అయితే ఇంటి నుంచి పని అక్కర్లేదు, గంట ఆలస్యంగా మొదలుపెట్టి గంట ఆలస్యంగా ముగించే వీలు చాలు. దాన్ని ఒప్పించడం కూడా తేలిక. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1967లో మ్యూనిక్ దగ్గర ఓటోబ్రున్‌లోని బోల్కో విమాన సంస్థ (తర్వాత మెసర్‌ష్మిట్-బోల్కో-బ్లోమ్ అయింది), ఉద్యోగులందరూ ఒకే వేళకు రావడంతో ఏర్పడే రద్దీని తగ్గించడానికే ఇలాంటి వెసులుబాటు తెచ్చింది. మధ్యలో కొన్ని గంటలు అందరూ ఉండాలి, అటూ ఇటూ ఉన్న గంటలు ఎవరి వీలును బట్టి వాళ్లవి. మీరు కూడా "ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు తప్పకుండా దొరుకుతాను, మిగతా మూడు గంటలు 11కు ముందు గానీ 4 తర్వాత గానీ పూర్తి చేస్తాను" అని అడగవచ్చు.

మనిషి దగ్గరుండి తీరాల్సిన ఉద్యోగాల్లో, అంటే వార్డులో, కౌంటర్‌లో, యంత్రం ముందు పనిచేసేవాళ్లు, కదపగలిగింది వేళే. షిఫ్టుల పట్టిక నాలుగు వారాల ముందే ఇవ్వమని అడగవచ్చు. తోటివాళ్లతో షిఫ్టు మార్చుకోవడానికి ఒక మెసేజ్‌తో అనుమతి దొరికేలా అడగవచ్చు. ఐదు రోజుల 40 గంటలను నాలుగు పది గంటల రోజులుగా చేయమని కూడా అడగవచ్చు. చివరిది అడిగే ముందు ఒక్క విషయం: పదో గంటలో చేసే తప్పులు మూడో గంటలో చేసేవాటి కంటే ఎక్కువగా ఉంటాయి. మందులు, బరువులు, వాహనాలతో పని ఉంటే ఇది అడగకపోవడమే మేలు.

చోటు విషయంలో నిజాయితీ ముఖ్యం. "ఇంటి నుంచి" అని ఒప్పుకున్నాక వేరే దేశం నుంచి నెల రోజులు లాగిన్ అవడం చిన్న విషయం కాదు. పన్ను, సామాజిక భద్రత, డేటా నిబంధనలు మూడూ దేశాన్ని బట్టి మారతాయి. ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారో ఐటీ విభాగానికి తెలిసిపోతుంది. అలాంటి అవసరం ఉంటే విడిగా, ముందుగా అడగాలి.

నిబంధనలు, అధికారం ఎవరిది

మీ ఆఫర్ లెటర్‌లో పనిచేసే చోటు, వేళల గురించి ఏం రాసి ఉందో తీసి చదవండి. హెచ్‌ఆర్ పాలసీ చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, సంతకం పెట్టే అధికారం మీ మేనేజర్‌దేనా, ఇంకా పైవాళ్లదా అనేది తెలుసుకోండి. వారానికి ఒక రోజు వరకు మేనేజర్ ఇవ్వగలిగి, రెండో రోజుకు విభాగాధిపతి ఆమోదం కావాల్సిన చోట్లు ఉంటాయి. అది తెలియకుండా మేనేజర్‌ను నెలల తరబడి అడగడం ఇద్దరికీ ఇబ్బందే.

చట్టం కూడా చూసుకోండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఇలాంటి అభ్యర్థన పెట్టవచ్చు. పన్నెండు నెలల్లో రెండుసార్లు పెట్టవచ్చు. యాజమాన్యం రెండు నెలల్లో తేల్చాలి, కాదనే ముందు ఉద్యోగితో చర్చించాలి. నెదర్లాండ్స్‌లో 2016 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో పిల్లల పెంపకం, సంరక్షణ బాధ్యతల వంటి కొన్ని కారణాలకు ఏడాది సర్వీసు ఉన్నవాళ్లు అడగవచ్చు, యాజమాన్యం 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశం చిన్న పిల్లల తల్లిదండ్రులకూ, అయినవాళ్లను చూసుకునేవాళ్లకూ అడిగే హక్కు ఇచ్చింది. గుర్తుంచుకోండి, ఈ చట్టాలు ఇచ్చేది అడిగే హక్కు. కారణం చూపించి కాదనే వీలు యాజమాన్యానికి ఉంటుంది. చట్టం మీ పక్షాన ఉన్నా మొదటి మాటల్లోనే దాన్ని ఎత్తకండి, కాగితం మీద ఒక వాక్యం చాలు.

ఎప్పుడు అడగాలి

ఒక పెద్ద పని సకాలంలో అప్పగించిన తర్వాతి వారం, అప్రైజల్ మాటలప్పుడు, వచ్చే మూడు నెలల ప్రణాళిక వేసే ముందు మంచి వేళలు. గడువు తప్పిన వారం, ఉద్యోగాలు తీసేస్తున్న నెల, కొత్త మేనేజర్ వచ్చిన మొదటి నెల మంచివి కావు. కొత్త ఉద్యోగమైతే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడిగి అందులోనే రాయించుకోండి. చేరాక చూసుకుందాం అనే నోటిమాట నీటి మీద రాత.

కారిడార్‌లో ఎదురుపడ్డప్పుడు అడగవద్దు. ఒక రోజు ముందు "మంగళవారం మన మీటింగ్‌లో నా పని రోజుల ఏర్పాటు గురించి 20 నిమిషాలు మాట్లాడాలి, ఒక పేజీ రాసి తెస్తాను" అని మెసేజ్ పెట్టండి. ఉన్నట్టుండి అడిగితే ఎవరైనా తమకు క్షేమమైన జవాబే చెబుతారు. అది "కాదు".

ఒక పేజీ కాగితం

పేజీ దాటితే ఎవరూ చదవరు. మీ మేనేజర్ దాన్ని యథాతథంగా పైవాళ్లకు పంపగలిగేలా ఉండాలి. ఇలా:

"ప్రతిపాదన: బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి, సోమ, మంగళ, గురువారాలు ఆఫీసు నుంచి. ఫలానా తేదీ నుంచి 12 వారాల ప్రయోగం.

ఎందుకు: నెలవారీ నివేదికకు వారానికి 12 గంటలు అంతరాయం లేని పని కావాలి. ప్రస్తుతం అది నాలుగు రోజుల్లో ముక్కలుగా జరుగుతోంది. రెండు రోజుల్లో కలిపి చేస్తే నివేదిక 5వ తేదీకి బదులు 3వ తేదీకి అందుతుంది.

అందుబాటు: ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6 వరకు. మెసేజ్‌కు 30 నిమిషాల్లో జవాబు, అత్యవసరమైతే నేరుగా ఫోన్.

టీమ్: కొత్తవాళ్ల సందేహాలకు బుధవారం 11 నుంచి 11:30 వరకు వీడియో కాల్ తెరిచి ఉంచుతాను. ఆడిట్, క్లయింట్ సమావేశం, కొత్త ఉద్యోగి మొదటి వారం ఉంటే ఇంటి రోజైనా ఆఫీసుకు వస్తాను.

కొలతలు: నివేదిక అందిన తేదీ, తిరిగి వచ్చిన సవరణల సంఖ్య, క్లయింట్ మెయిల్‌కు జవాబు పట్టిన సమయం. గత మూడు నెలల అంకెలు జతచేశాను.

సమీక్ష: 4వ వారం, 12వ వారం. కొలతలు దిగజారితే రెండు వారాల నోటీసుతో పాత పద్ధతికి వస్తాను."

చివరి వాక్యం రాయడానికి చాలామందికి మనసొప్పదు. అసలు బలం దానిదే. వెనక్కి తీసుకోగలిగే నిర్ణయానికి మేనేజర్ పైవాళ్లకు పెద్దగా సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

మీ కష్టాలు ఈ పేజీలో లేవని గమనించే ఉంటారు. రోజుకు మూడు గంటల ప్రయాణం, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం చిన్న విషయాలు కావు. వాటిని మాటల్లో చెప్పండి, మనుషులు అర్థం చేసుకుంటారు. కాగితం మాత్రం మేనేజర్ పైకి పంపేది, అక్కడ నిలబడేది పనికి సంబంధించిన కారణమే. మీ ఆరోగ్య సమస్యే కారణమైతే దారి వేరు. డాక్టర్ పత్రంతో హెచ్‌ఆర్ ద్వారా వెళ్లండి. చాలా దేశాల్లో దానికి విడిగా చట్టరక్షణ ఉంటుంది, వివరాలన్నీ మేనేజర్‌కు చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.

పరిశోధన ఏదైనా చూపించాలనుకుంటే ఒక్కటి చాలు. ట్రిప్.కామ్ అనే చైనా ట్రావెల్ బుకింగ్ సంస్థలో 1,612 మంది ఉద్యోగుల మీద జరిగిన ప్రయోగ ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరు సమీక్షల్లో గానీ ప్రమోషన్లలో గానీ తేడా కనిపించలేదు. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ప్రయోగానికి ముందు అక్కడి మేనేజర్లు దీనివల్ల ఉత్పాదకత సగటున 2.6 శాతం తగ్గుతుందని అంచనా వేశారు, ముగిశాక 1 శాతం పెరుగుతుందని చెప్పారు. వాళ్ల అభిప్రాయం మారింది చూశాకే. మీరు 12 వారాల ప్రయోగం అడగడానికి కారణం కూడా అదే.

మాటల్లో

మొదటి రెండు నిమిషాల్లో అడగాల్సింది అడిగేయండి. "బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేయాలని అనుకుంటున్నాను. నివేదిక రెండు రోజులు ముందు అందించగలను. పన్నెండు వారాలు చూసి అప్పుడు నిర్ణయిద్దాం. మీకు ఇందులో ఎక్కడ ఇబ్బంది అనిపిస్తోంది?" అని ఆగిపోండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపవద్దు. మొహమాటంతో "కుదరకపోతే ఒక్కరోజైనా పరవాలేదు" అని మీరే తగ్గించేసుకుంటే రెండో రోజు అక్కడితో పోయినట్టే.

"మీకిస్తే అందరికీ ఇవ్వాలి" అనేది తప్పకుండా వస్తుంది. "అందరికీ ఇదే పేజీ అడగండి. పని లెక్క, కొలతలు, సమీక్ష తేదీలు ఇవ్వగలిగినవాళ్లకు ఇవ్వండి" అనవచ్చు. దాంతో మేనేజర్‌కు మిగతావాళ్లతో వాడుకోగల ఒక ప్రమాణం దొరుకుతుంది.

"పని చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగినప్పుడు కంగారుపడి గంటగంటకూ రిపోర్టు పంపుతానని, స్క్రీన్ గమనించే సాఫ్ట్‌వేర్ పెట్టమని ఒప్పుకోవద్దు. ఒకసారి ఒప్పుకుంటే అది ఆఫీసు రోజులకూ పాకుతుంది. "ఆఫీసులో ఉన్నప్పుడు దేన్ని చూసి నా పని బాగుందనుకుంటున్నారు?" అని అడగండి. వచ్చిన జవాబునే కొలతగా రాసుకోండి.

"అర్జెంటు పని వస్తే?" అంటే గత మూడు వారాల్లో అలాంటివి ఎన్ని వచ్చాయో, వాటిలో మనిషి ఎదురుగా ఉండాల్సినవి ఎన్నో మీ దగ్గర అంకె ఉండాలి. మూడు వారాల లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. ఎంతసేపట్లో ఆఫీసుకు చేరుకోగలరో కూడా చెప్పండి.

"నాకు అభ్యంతరం లేదు, పైన ఒప్పుకోరు" అన్నప్పుడు "అయితే సరే" అని లేచి రాకండి. "వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఏమిటి? దానికి జవాబు ఈ పేజీలో చేర్చి రేపు మీకిస్తాను" అనండి. మేనేజర్ తరఫున మీరు చేయగలిగిన సాయం అది.

బేరానికి ముందు మూడు మెట్లు మనసులో పెట్టుకోండి: రెండు పూర్తి రోజులు, ఒక రోజు, లేదంటే రెండు మధ్యాహ్నాలు. రెండు కావాలంటే ఐదు అడగాలన్న సలహా విని పాటించేవాళ్లు ఉన్నారు, అది తప్పు సలహా. ఐదు అడగ్గానే మీ లెక్క మీద నమ్మకం పోతుంది. జీతం తగ్గించుకోవడానికి కూడా తొందరపడకండి. మూల వేతనం ఒకసారి తగ్గితే ఆ తర్వాత శాతాల్లో వచ్చే ప్రతి పెంపూ ఆ తక్కువ అంకె మీదే లెక్కిస్తారు. రాజీనామా మాట చేతిలో ఇంకో ఆఫర్ ఉండి, నిజంగా వెళ్లిపోవడానికి సిద్ధపడ్డప్పుడు తప్ప ఎత్తవద్దు. తాడో పేడో తేల్చుకుందామని వెళ్తే "సరే, వెళ్లండి" అనే జవాబు కూడా రావచ్చు.

ఒప్పుకున్న రోజు సాయంత్రంలోగా మెయిల్ పెట్టండి: "ఈరోజు మనం అనుకున్నట్టు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేస్తాను. మొదటి సమీక్ష ఫలానా రోజు. ఏదైనా పొరపాటుగా రాస్తే సరిచేయండి." సమీక్ష తేదీలను ఇద్దరి క్యాలెండర్‌లోనూ అప్పుడే పెట్టేయండి.

మొదలయ్యాక చెడేది ఎక్కడ

మొదటి ఇంటి రోజుకు ముందే ఒక సాయంత్రం వీపీఎన్‌తో (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా చేర్చే కనెక్షన్) అన్ని సాఫ్ట్‌వేర్లూ తెరిచి చూడండి. నెట్ వేగం ఉదయం పది, పదకొండు గంటల మధ్య కొలవండి, అప్‌లోడ్ అంకె చూడండి. ఒక గ్రూప్ వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్ సరిపోతుంది, ఇంట్లో ఇంకొకరు కూడా కాల్‌లో ఉంటే ఇంకో నాలుగు కలపండి. నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్‌తో మారడం ఒకసారి సాధన చేయండి. మొదటి వారంలో రెండుసార్లు కాల్ తెగిపోతే మీ కొలతల కంటే అదే అందరికీ గుర్తుంటుంది.

చిన్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లను చూసుకునే మనిషి ఇంటి రోజున కూడా ఉండాలి. పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని ఎనిమిది గంటల పని చేయడం ఎవరివల్లా కాదు, అలా ప్రయత్నించేవాళ్లు పని రాత్రికి వాయిదా వేసుకుని నెలలోపే అలిసిపోతారు.

ఆఫీసు రోజుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోకండి. ఆ మూడు రోజులు మనుషుల కోసం. ఒంటరి పని ఇంటి రోజులకు నెట్టేయండి.

కంటికి కనిపించకపోవడం మెల్లగా దెబ్బతీస్తుంది. ట్రిప్.కామ్‌లోనే 2010లో మొదలైన పాత ప్రయోగంలో కాల్ సెంటర్ ఉద్యోగులు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేశారు. పనితీరు 13 శాతం పెరిగింది. అయినా అంతే పనితీరు చూపిన ఆఫీసువాళ్లతో పోలిస్తే వాళ్లకు ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. రెండు రోజుల ఏర్పాటులో ఆ ప్రమాదం తక్కువే, అయినా జాగ్రత్త పడండి. ప్రతి శుక్రవారం సాయంత్రం మేనేజర్‌కు ఐదు వాక్యాల మెయిల్ పంపండి: ఈ వారం ఏవి పూర్తయ్యాయి, ఏది ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి. అప్రైజల్‌కు అవే మీ కాగితాలు.

ఇంటి రోజున ఎదురుగా ఉండాల్సిన మీటింగ్ పెడితే మొదటిసారి మారు మాట్లాడకుండా వెళ్లండి. మూడోసారి వరసగా జరిగితే మాత్రం వెళ్లి, ఆ తర్వాత "రోజు మార్చుకోమంటారా, మీటింగ్ జరుపుదామా?" అని అడగండి. అడగకపోతే ఏర్పాటు పేరుకే మిగులుతుంది.

నాలుగో వారం అంకెల్లో మంచి కనిపించకపోతే భయపడవద్దు, మొదటి రెండు వారాలు సర్దుకోవడానికే పోతాయి. ఉన్నదున్నట్టు చూపించి, ఏం మారుస్తున్నారో చెప్పండి. దాచిన చెడు అంకె పన్నెండో వారంలో బయటపడితే ఏర్పాటుతోపాటు మాట కూడా పోతుంది.

కాదంటే

"కాదు" అన్నది దేనికో తెలుసుకోండి: రోజుల సంఖ్యకా, ఆ రోజులకా, ఇప్పటి పరిస్థితికా, మీ పనితీరు మీద సందేహానికా? చివరిదైతే బాధపడ్డా వినండి, ముందు అది సరిచేయాలి. మిగతా మూడింటికీ అక్కడికక్కడే ఇంకో ప్రశ్న ఉంది: "ఏం మారితే ఒప్పుకుంటారు, మళ్లీ ఎప్పుడు అడగమంటారు?" వచ్చిన జవాబును తేదీతో సహా మెయిల్‌లో రాసి పంపండి. ఈలోగా చిన్నది అడగవచ్చు: నెలాఖరు నివేదిక రాసే రెండు రోజులు మాత్రమే ఇంటి నుంచి. అది రెండు నెలలు సాఫీగా నడిస్తే మీ తర్వాతి పేజీలో పెట్టడానికి సొంత అంకెలు ఉంటాయి.

మేనేజర్ మారినప్పుడు ఈ పని మళ్లీ మొదటికి రాకుండా, కొత్తవాళ్లు వచ్చిన మొదటి వారంలోనే పాత మెయిల్, చివరి సమీక్ష అంకెలు కలిపి పంపండి. "ఇదీ ఇప్పటివరకు నడుస్తున్న ఏర్పాటు, తర్వాతి సమీక్ష ఫలానా రోజు" అని రెండు వాక్యాలు చాలు. వాళ్లు మిమ్మల్ని బుధవారం సీట్లో వెతుక్కోకముందే అది చేరాలి.